మున్సిపల్ కమిషనర్లకు: మా పిల్లల్ని పందిరి వేయనివ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల మున్సిపల్ కమిషనర్లకు, టౌన్ ప్లానింగ్ అధికారులకు, వీలైతే ట్రాఫిక్ పోలీసు అధికారులకు కూడా,

నమస్కారం. అడగాల్సింది ముందే అడిగేస్తాను, ఎందుకంటే మీ టేబుల్ మీద ఏ కాగితమైనా రెండో పేజీ దాకా చదివించుకోవడం కష్టమని నాకు తెలుసు. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఎండాకాలంలో బస్టాపుల దగ్గర, సిగ్నళ్ళ దగ్గర, రైతు బజార్ల బయట, సర్కారు ఆసుపత్రుల గేట్ల ముందు నెల రోజుల పాటు నిలిచే చిన్న చిన్న పందిళ్ళు వేసుకోవడానికి ఒక దరఖాస్తు ఫారం పెట్టండి. అంతే. వెదురు మేం తెచ్చుకుంటాం, తాళ్ళు మేం తెచ్చుకుంటాం, గడువు అయ్యాక విప్పి ఊడ్చి పోతాం.

నేను చిన్న ప్రాక్టీసు నడుపుకునే ఆర్కిటెక్టుని, పక్కనే ఒక కాలేజీలో డిజైన్ స్టూడియో పాఠం చెప్తాను. మా చదువు గురించి మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. బీఆర్క్ ఐదేళ్ళ కోర్సు. ఈ ఐదేళ్ళలో పిల్లలు ఎయిర్‌పోర్టులు డిజైన్ చేస్తారు, వంద పడకల ఆసుపత్రులు డిజైన్ చేస్తారు, రాత్రంతా కూర్చుని ఫోమ్ బోర్డు కోసి 1:50 స్కేల్లో మోడల్ చేస్తారు, పొద్దున జ్యూరీలో, అంటే పని చూసి మార్కులు వేసే పెద్దల ముందు, తిట్లు తింటారు, సాయంత్రానికి ఆ మోడల్ చెత్తబుట్టలో ఉంటుంది. గునపం పట్టి ఒక్క గుంట తవ్వకుండా, ఒక్క రాట నిలబెట్టకుండా పట్టా పుచ్చుకుని బయటికి వచ్చేవాళ్ళు బోలెడంత మంది. తరవాత వాళ్ళే మీ దగ్గరికి ప్లాన్లు పట్టుకుని వస్తారు. మేస్త్రీ ముందు నోరు పెగలదు, ఆయన చెప్పిందే వేదం. మీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చేరేవాళ్ళలో కూడా వీళ్ళు ఉంటారు, గుర్తు పెట్టుకోండి.

మేం ఒకసారి ప్రయత్నించాం. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను, మిగతా చోట్లయినా ఇంతకన్నా బాగా జరిగేదని నాకు నమ్మకం లేదు. పెద్దాసుపత్రి ఎదురుగా ఒక బస్టాపు. డిశ్చార్జి కాగితాలు కవర్లో పెట్టుకుని, చంకలో పసిపిల్లతో, చేతికి ఇంకా ప్లాస్టర్ ఉన్నవాళ్ళు నిలబడే చోటు. మూడో ఏడాది పిల్లలు అదే ఎంచుకున్నారు. అనుమతి కోసం వెళ్తే టౌన్ ప్లానింగ్ వాళ్ళు ఇది బిల్డింగు కాదు, మా పరిధిలోకి రాదన్నారు. ఇంజనీరింగ్ వాళ్ళు రోడ్డు మార్జిన్ మాదే గానీ మీరు కాంట్రాక్టరు కాదు కదా, ఏ పద్దు కింద రాయమంటారు అన్నారు. ట్రాఫిక్ వాళ్ళు ఆ ఇద్దరి దగ్గరా ఎన్‌ఓసీ తెస్తే అప్పుడు చూద్దాం అన్నారు. చివరికి ఒక గుమాస్తా, పాపం నిజంగా సాయం చేద్దామనే, అల్మారా అంతా వెతికి ఒక ఫారం ఇచ్చాడు. ప్రకటనల హోర్డింగు ఫారం! ఎన్ని చదరపు అడుగులు, లైటింగ్ ఉందా, కంపెనీ పేరేంటి అని గడులు. 'ప్రదర్శించే వస్తువు' అనే గడిలో మా అమ్మాయి ఒకతి 'నీడ' అని రాసింది. దరఖాస్తు వెనక్కొచ్చింది, వివరాలు అసంపూర్ణం అట.

సరే, వార్డులో పెద్దమనిషి నోటిమాటగా కానివ్వండి అన్నాక కట్టేశాం. జనం కూర్చున్నారు. ఒకావిడ కుండ తెచ్చి పెట్టింది, మేం అడగలేదు. కొన్నాళ్ళకి లారీ వచ్చి మొత్తం పీకి పట్టుకుపోయింది. అడ్డం అన్నారు. రోడ్డు మీద అడ్డం ఉంటే తీయాల్సిందే, దానికి నాకేం బాధ లేదు. కానీ దానికి పది గజాల దూరంలో, ఫుట్‌పాత్ మీదే రాటలు పాతి కట్టిన పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీని లారీ మనుషులు అతి జాగ్రత్తగా, ఎక్కడా తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు చూడండి, అది మాత్రం మా పిల్లలు ఫోన్లో వీడియో తీసి పెట్టుకున్నారు.

తాత్కాలిక కట్టడం అంటే ఏంటో మీకు తెలియనట్టు మాట్లాడకండి. మన ఊళ్ళు నడిచేదే పందిళ్ళ మీద. శ్రీరామనవమికి వీధి వీధికీ చలువ పందిరి లేస్తుంది, పెళ్ళి అంటే ముందు పందిరి రాట వేస్తారు, వేసవి రాగానే చలివేంద్రాలు, భాద్రపదం వస్తే వినాయక మంటపాలు. ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైంది ఇవాళ ఎంత ఎత్తుకు వెళ్ళిందో, దాని కోసం ఎంత పరంజా కడతారో మీకు నేను చెప్పాలా? నాంపల్లి నుమాయిష్ చూడండి. 1938లో మొదలైంది, ఏటా జనవరి 1 నుంచి ఆరేడు వారాలు వేల స్టాళ్ళతో ఒక ఊరే లేస్తుంది, తరవాత మాయమవుతుంది. 2019 జనవరిలో అక్కడ అగ్నిప్రమాదం జరిగి బోలెడు స్టాళ్ళు బూడిదయ్యాయి, అయినా నుమాయిష్ ఆపేద్దాం అని ఎవరైనా అన్నారా? జాగ్రత్తలు పెంచుదాం అన్నారు. అదే సరైన పద్ధతి.

వినాయక మంటపాలకైతే రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు శాఖే ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టింది. మంటపం ఎక్కడ, విగ్రహం ఎత్తెంత, నిర్వాహకులెవరు, నిమజ్జనం ఎప్పుడు అన్నీ నింపితే పని అవుతుంది. ఆంధ్రలో 2024 నుంచి సింగిల్ విండో కూడా వచ్చింది. చాలా మంచి పని, వెటకారంగా అనట్లేదు. నేను కోరేది అదే వెబ్‌సైట్‌లో ఇంకొక్క బటన్. విగ్రహం ఎత్తు ఉన్న చోట కప్పు ఎత్తు, నిమజ్జనం తేదీ ఉన్న చోట విప్పే తేదీ. మిగతా గడులన్నీ మాకు సరిగ్గా సరిపోతాయి.

మరి మంటపాలు వేసేవాళ్ళు ఉండగా ఆర్కిటెక్చర్ పిల్లలు ప్రత్యేకంగా చేసేదేంటి అంటారా? నీడ లెక్క. ఇది కొంచెం ఓపిగ్గా వినండి, మీరు కట్టిన బస్ షెల్టర్ల సంగతి కూడా ఇందులోనే ఉంది.

హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే పడదు. విజయవాడలో అంతకు కొద్ది రోజులు ముందే. ఆ వేళకి ఏ రేకు కప్పు వేసినా కింద నీడ ఉంటుంది, ఫోటో కూడా బాగా వస్తుంది, ప్రారంభోత్సవాలు పొద్దునే పెట్టుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ జనం బస్సు కోసం ఎక్కువగా నిలబడేది సాయంత్రం నాలుగింటికి. అప్పుడు సూర్యుడు పడమటి వైపు సుమారు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఎనిమిది అడుగుల ఎత్తున్న కప్పు ముందంచు నీడ నేల మీద పదకొండు అడుగులు వెనక్కి జరిగి పడుతుంది. మీ షెల్టరు పడమర ముఖం, లోతు ఐదారు అడుగులు. అంటే నీడంతా వెనక ఉన్న మురిక్కాలువకి. బల్ల మీద కూర్చున్న ముసలమ్మకి ఎండ. స్టీలు బల్ల ఒకటి పైగా, అట్లపెనం అంటే అదే! ఆ బల్లలు ఖాళీగా ఉండి జనం కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడటం ఎప్పుడైనా కారు అద్దంలోంచి చూశారా?

దీనికి విరుగుడు ఖరీదైందేం కాదు. కప్పు ముందంచు నుంచి మూడడుగులు కిందికి దిగేలా ఒక వెదురు తడిక వేలాడదీస్తే, కూర్చున్న మనిషికి దాని కిందనుంచి వచ్చే బస్సు కనిపిస్తుంది, ఎండ మాత్రం తల మీద పడదు. నిలబడ్డవాళ్ళకి తల తగులుతుందా, బస్సు డ్రైవరుకి మనుషులు కనిపిస్తారా, గాలి ఆగిపోతుందా అన్నవి కాగితం మీద తేలవు. ఒక చోట కట్టి, జనాన్ని కూర్చోబెట్టి, తప్పులు చూసి, విప్పి, ఇంకోలా కట్టాలి. తాత్కాలికంగా కట్టడంలో ఉన్న సుఖం అదే. మీరు వందల షెల్టర్లకి టెండరు పిలిచేముందు నాలుగు రకాలు వెదురుతో కట్టి చూడొచ్చు, అదీ దాదాపు ఉచితంగా. కొన్ని ఊళ్ళలో సిగ్నళ్ళ దగ్గర ఆకుపచ్చ నెట్లు కట్టారు, మెచ్చుకున్నాను, కానీ అవి ఏ గంటకి ఎక్కడ నీడ ఇస్తున్నాయో ఎవరైనా ఒక్క పూట నిలబడి సుద్దముక్కతో గీసి చూశారా? మా రెండో ఏడాది పిల్లలకి అది ఒక అసైన్‌మెంటు. పంపిస్తాను.

2015 ఎండలకి రెండు రాష్ట్రాల్లో పోయిన ప్రాణాలు దాదాపు రెండు వేలు. ఆ తరవాత హీట్ యాక్షన్ ప్లాన్లు వచ్చాయి, తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇళ్ళ కప్పుల గురించి పాలసీ ఉంది, ఇల్లు వదిలి రోడ్డు మీదే బతికేవాళ్ళ తల మీద కప్పు గురించి ఎవరు రాస్తారు?

ఇప్పుడు మీ భయం గురించి. కూలితే ఎవరిది పూచీ? న్యాయమైన ప్రశ్న. 2024 మేలో ముంబై ఘాట్‌కోపర్‌లో హోర్డింగు కూలి 17 మంది పోయారు, 120 అడుగుల చదరం అది. ఆ ఫోటో క్లాసులో చూపించే పాఠం మొదలుపెడతాను నేను. తేలిక కట్టడాలు బరువుకి కూలడం తక్కువ, ఎక్కువగా గాలికి లేచిపోతాయి. మే నెల సాయంత్రం ఈదురుగాలి కొడితే రేకు గాలిపటమే. గాలికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విశాఖకి 50 మీటర్లు లెక్క కట్టమని ఉంది, కొద్దికాలమే నిలిచే కట్టడాలకి వేరే గుణకం కూడా అందులోనే ఇచ్చారు. పందిళ్ళలో అగ్నిప్రమాద జాగ్రత్తలకి ఐఎస్ 8758 అని ఏకంగా ఒక ప్రమాణమే ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో వెదురుకి విడిగా ఒక విభాగం ఉంది. అడవి బయట పెంచిన వెదురుని 2017 చట్ట సవరణతో చెట్ల జాబితాలోంచి తీసేశారు కాబట్టి రవాణాకి ఫారెస్టు వాళ్ళ పర్మిట్ తలనొప్పి కూడా లేదు. ఇన్ని రాసి పెట్టిన దేశంలో రూల్సు లేవు అనే మాట ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఇంకో చిన్న సంగతి, ఇది నాకు చాలా ఇష్టం. రోడ్డు తవ్వకుండా రాటలు ఎలా నిలబెట్టాలి అని మీ ఇంజనీర్లు అడుగుతారు. 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ము నింపితే రెండొందల కిలోలు. రాటకొక డ్రమ్ము కట్టేస్తే నాలుగు మూలలా ఎనిమిది వందల కిలోలు పట్టి ఉంచుతాయి. తారు మీద గీత కూడా పడదు, విప్పేటప్పుడు ఆ నీళ్ళు డివైడర్ మొక్కలకి పోసెయ్యొచ్చు. కప్పు మీది తడికలు గాలి మరీ ఎక్కువైతే ముందు అవే ఊడిపోయేలా పల్చటి తాడుతో కడతారు, చట్రం నిలుస్తుంది. ఆ తడిక కూడా తేలిక సరుకే, కాకపోతే అది ఎగిరి ఎవరి మీదా పడకుండా ఒక పక్క గట్టి తాడుతో కట్టి ఉంచాలి.

ఈ తాళ్ళ సంగతి మాకు పుస్తకం చెప్పలేదు. పందిళ్ళు వేసే ఒక పెద్దాయన్ని పిలిపించాం. పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో గీసిన జాయింట్లు, బోల్టులు చూపిస్తే ఆయన బొంగు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "బోల్టు కణుపుల మధ్యలో దింపితే నిలువునా చీలుద్ది నాన్నా. కణుపుకి పక్కన చూసుకో. అసలు బోల్టెందుకు, కొబ్బరితాడు నానబెట్టి కట్టు, ఎండేకొద్దీ అదే బిగుసుకుంటది" అన్నాడు. అని ఊరుకోలేదు, మా అబ్బాయి కట్టిన ముడి మీద కాలుపెట్టి ఒక్క తన్ను తన్నాడు. విడిపోయింది. మళ్ళీ కట్టించాడు. సెమిస్టర్ మొత్తం నేను చెప్పిన స్ట్రక్చర్స్ కన్నా ఆ తన్ను బాగా ఎక్కింది వాళ్ళకి. మేదరులు, తాటాకు పందిళ్ళు అల్లేవాళ్ళు, షామియానా కుర్రాళ్ళు, వీళ్ళందరికీ మా కాలేజీల్లో కుర్చీ వేసే దారి ఇదొక్కటే కనిపిస్తోంది నాకు, ఎందుకంటే క్లాసురూములోకి పిలిస్తే డిగ్రీ ఏది అని అడిగే మేనేజ్‌మెంటు, సైటుకి పిలిస్తే కూలి ఎంత అని అడుగుతుంది, ఇచ్చేస్తుంది.

బయటి ఊళ్ళ ఉదాహరణలు చెప్తే అదంతా ఫారిన్ అండీ అంటారు, అయినా కొన్ని చెప్తాను, మొదటి రెండూ ఆఫీసు అనుమతుల గురించే కాబట్టి మీకు నచ్చొచ్చు. స్పెయిన్‌లోని సెవీల్‌లో శాంటియాగో సిరుహేడా అనే ఆర్కిటెక్టు 1997లో వీధిలో పిల్లల ఆటస్థలం పెట్టాలనుకున్నాడు. దానికి అనుమతి దొరకదు. కట్టడ వ్యర్థాలు వేసే ఇనపతొట్టికి మాత్రం అనుమతి దొరుకుతుంది. ఆ తొట్టికి అనుమతి తెచ్చుకుని దాన్నే ఆటస్థలం చేశాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2005లో రీబార్ అనే బృందం ఒక పార్కింగ్ మీటర్లో రెండు గంటలకి చిల్లర వేసి, కారుకి బదులు గడ్డి పరిచి, ఒక చెట్టు, ఒక బెంచీ పెట్టింది. టైము అవగానే చుట్టేసుకుని వెళ్ళిపోయారు. ఆ నగరపాలక సంస్థ దాన్ని అల్లరి అని కొట్టిపారేయలేదు, 2010 నాటికి అలాంటివాటికి తనే అనుమతులివ్వడం మొదలుపెట్టింది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2009లో కార్లు ఆపి మడత కుర్చీలు వేసి చూశారు, తరవాతే శాశ్వతం చేశారు. విద్యార్థుల సంగతికొస్తే లండన్‌లో ఏఏ స్కూల్ అనే ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లలు బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో కాలేజీ ముందే వేసవి పెవిలియన్లు కట్టారు, జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో 2010లో ఆరున్నర మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీలు వంచి గుమ్మటం లాంటిది నిలబెట్టారు, యూరప్ విద్యార్థులు 1981 నుంచి ఏటా ఒక ఊళ్ళో కలుసుకుని చేతుల్తో ఏదో ఒకటి కట్టి పోతున్నారు.

అంత దూరం ఎందుకు, కలకత్తా దుర్గాపూజ మంటపాలు ఆర్ట్ కాలేజీల్లో చదివినవాళ్ళ చేతుల్లో ఎంత మారాయో చూడండి. 2021లో యునెస్కో ఆ పండగని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంకా దగ్గరికి రండి. 2020లో కేంద్ర పట్టణ మంత్రిత్వ శాఖ పసిపిల్లల కోసం వీధుల్ని, పార్కుల్ని మార్చి చూడమని నర్చరింగ్ నైబర్‌హుడ్స్ ఛాలెంజ్ అని పెట్టింది. ముందు చౌకగా, తాత్కాలికంగా చేసి చూడటమే దాని పద్ధతి. చివరికి నెగ్గిన పది నగరాల్లో వరంగల్ ఉంది, కాకినాడ ఉంది. అంటే మీలోనే ఇద్దరికి ఈ పని వచ్చు. వాళ్ళకి ఫోన్ చేసి అడగండి.

షరతులు నేనే చెప్తాను, మీకు శ్రమ తగ్గుతుంది. ఎత్తు పన్నెండు అడుగులు దాటకూడదు. నెల రోజులు, కావాలంటే ఇంకో పదిహేను. ఫుట్‌పాత్ మీద చక్రాల కుర్చీ పోయేంత దారి వదలాలి, ఇది మాత్రం మీరు టేపు పెట్టి కొలవాలి, మా పిల్లలు డిజైన్ అందంగా ఉందని దారి మింగేసే రకం. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం, పాఠం చెప్పే టీచరు పేరు, ఫోన్ నంబరు కట్టడం మీదే రాసి ఉండాలి. కాలేజీ డిపాజిట్ కట్టాలి, గడువుకి విప్పకపోతే అది మీదే. వాతావరణ శాఖ గాలివాన హెచ్చరిక ఇస్తే కొన్ని గంటల్లో కప్పు దించే బాధ్యత మాది. ప్రకటనలు వద్దు, జెండా రంగులు వద్దు, 'ఫలానా వారి సౌజన్యంతో' అనే బోర్డు అసలే వద్దు. ఈ చివరిది ఒప్పించడం మాకన్నా మీకే కష్టం, తెలుసు.

ఇక నా తోటి టీచర్లకి, కాలేజీల వాళ్ళకి కూడా ఇక్కడే ఒక మాట. అనుమతి వచ్చిందే అనుకోండి, సెల్ఫీ పాయింటు కట్టకండి దయచేసి. ఊరి పేరు పక్కన గుండె బొమ్మ పెట్టి నియాన్ లైట్లు వేయడానికి ఆర్కిటెక్చర్ అక్కర్లేదు, ఇప్పటికే ప్రతి చెరువుగట్టు మీదా ఒకటుంది. మనవాళ్ళకి ఇన్‌స్టలేషన్ అనగానే మెలికలు తిరిగిన ప్లైవుడ్, మధ్యలోంచి డ్రోన్ షాట్. దాని కింద చెమట తుడుచుకుంటూ ఎవరూ కూర్చోరు. అరటిపళ్ళమ్మే ఆవిడ బండిని అక్కణ్ణుంచి జరిపించి కట్టాల్సి వస్తే ఆ స్థలం తప్పు. ఆవిడకి కూడా నీడ పడేలా కట్టగలిగితే మార్కులు వేయండి, జ్యూరీకి ఆవిణ్ణే పిలవండి.

కమిషనర్ గారూ, టైము సంగతి. మాకు ఎండాకాలం సెమిస్టరు డిసెంబరు, జనవరిల్లో మొదలవుతుంది. సంక్రాంతి వెళ్ళేలోగా ఫారం పెడితే, ఫిబ్రవరిలో మీ వార్డు ఇంజనీర్లు తలా రెండు స్థలాలు చూపిస్తే, ఉగాదికి డ్రాయింగులు, శ్రీరామనవమికి మొదటి రాట. అన్ని నగరాల్లో ఒకేసారి అక్కర్లేదు, ఎవరో ఒకరు ఒక్క వార్డులో మొదలుపెట్టండి. మిగతావాళ్ళు వచ్చి చూసుకుంటారు.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్టు, పార్ట్‌టైమ్ టీచరు

తా.క.: ఆ లారీలో పట్టుకెళ్ళిన బొంగులు ఎవరి యార్డులో ఉన్నాయో వాళ్ళకి తెలుసు. చెదలు పట్టకపోతే కబురు చేయండి, ఆటో మాట్లాడుకుని వచ్చి తెచ్చుకుంటాం.